కంటికి ఆనే గుర్తు: చిన్న వ్యాపారుల లోగో సందేహాలు

ఈ నెల ఉత్తరాలన్నీ తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల నుంచే వచ్చాయి. పచ్చళ్లు పట్టేవాళ్లు, టిఫిన్ సెంటర్ నడిపేవాళ్లు, కలంకారీ సంచులు కుట్టేవాళ్లు, డీటీపీ ఆపరేటర్లు రాశారు. గోడు మాత్రం దాదాపు అందరిదీ ఒకటే: కంప్యూటర్ తెర నిండా బాగున్న లోగో, బయటికొచ్చాక కంటికి ఆనడం లేదు. పొడుగు ఉత్తరాలను కుదించి వేస్తున్నాం.

ప్రశ్న: ఇంట్లోనే ఆవకాయ, మాగాయ, గోంగూర పచ్చళ్లు పట్టి అమ్ముతున్నాం. డీటీపీ సెంటర్‌లో లోగో చేయించాం. గుండ్రటి చట్రంలో ఏడుకొండలు, గోపురం, దీపం, మామిడికాయ, కింద మామిడాకుల తోరణం, చుట్టూ పేరు, అడుగున ఫోన్ నంబరు. ఏ-4 కాగితం మీద చక్కగా ఉంది. వాట్సాప్ డీపీగా పెడితే రంగు మరకలా ఉంది. ఏం తీసేయాలో పాలుపోవడం లేదు.
– ఓ పాఠకురాలు, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: ఒక్క బొమ్మ ఉంచి మిగతావన్నీ తీసేయండి, మొహమాటం లేకుండా. ఎందుకో లెక్కతో చెబుతాం.

చూపు బాగున్న కన్ను రెండు గీతలను విడివిడిగా పట్టుకోవాలంటే వాటి మధ్య సందు, చూసే దూరంలో మీటరుకు 0.3 మి.మీ. చొప్పున ఉండాలి. కంటి డాక్టర్ల దగ్గర గోడకుండే అక్షరాల పట్టికను 1862లో నేత్ర వైద్యుడు హెర్మన్ స్నెల్లెన్ ఈ కొలత మీదే తయారుచేశాడు. అయితే ఇది కంటి శక్తికి చివరి హద్దు. కళ్లు చికిలించకుండా చూడాలంటే దానికి మూడింతలు కావాలి. అంటే మీటరుకు మిల్లీమీటరు. ఈ ఒక్క లెక్క గుర్తుంటే బోర్డుకూ, లేబుల్‌కూ, డీపీకీ పనికొస్తుంది.

ఫోన్‌ను సుమారు 33 సెం.మీ. దూరంలో పట్టుకుంటాం. అక్కడ సందు 0.33 మి.మీ. ఉండాలి. చాట్ జాబితాలో డీపీ వెడల్పు సుమారు 8 మి.మీ. ఎనిమిదిని 0.33తో భాగిస్తే 24. కాబట్టి మీ గుర్తులో అతి సన్నని గీత అయినా, అతి ఇరుకైన సందు అయినా మొత్తం వెడల్పులో 24వ వంతుకు తగ్గకూడదు. 10 సెం.మీ. వెడల్పున గీస్తే అది 4 మి.మీ. స్కేలు పెట్టి మీ లోగోను కొలవండి. తోరణంలో ఆకుకూ ఆకుకూ మధ్య సందు, గోపురం మీది అంతస్తుల గీతలు, చుట్టూ ఉన్న పేరు, ఫోన్ నంబరు, ఏదీ ఈ కొలతకు నిలవదు. కాగితం మీద బాగుండటంలో వింతేమీ లేదు. అక్కడ మీ లోగో 18 సెం.మీ. ఉంటుంది, డీపీకి ఇరవై రెట్లకు పైమాటే.

చిన్నదైపోవడం ఒక్కటే కారణం కాదు. బొమ్మలో ఏముందో పోల్చుకోకముందే కన్ను గుంపులు కట్టేస్తుంది. మనస్తత్వవేత్త మాక్స్ వెర్తైమర్ 1923లో ఈ గుంపు కట్టే పద్ధతులను వరసగా వివరించాడు. దగ్గరగా ఉన్నవి ఒక జట్టు, ఒకేలా ఉన్నవి ఒక జట్టు, ఒకే ఒరవడిలో సాగిపోయేవి ఒక జట్టు. మీ లోగోలో కొండల వంపులు, మామిడికాయ వంపు, తోరణం ఆకుల వంపులు అన్నీ ఇంచుమించు ఒకే సైజు, ఒకే గుండ్రదనం. దూరం నుంచి అవన్నీ కలిసి ఒక అల్లికలా అయిపోతాయి. గోపురం మొన, దీపం మొన ఒకే నిలువు గీత మీద పైకి చూస్తున్నాయి కాబట్టి ఆ రెండూ అతుక్కుని మూడో వస్తువేదో అయిపోతాయి. మీ డీటీపీ ఆయన ఐదు బొమ్మలు వేశాడు, కంటికి మాత్రం ఒకటిన్నర బొమ్మే అందుతోంది.

ఏది ఉంచాలి? ఏడుకొండలూ గోపురమూ తిరుపతిలో లోగోకు పనికిరావని మా అభిప్రాయం. బస్టాండు నుంచి గాంధీ రోడ్డు దాకా నడిచి చూడండి, లాడ్జీలు, ట్రావెల్స్, మెడికల్ షాపులు, చెప్పుల దుకాణాలు అన్నిటికీ అవే. ఒకేలా ఉన్నవాటిని కన్ను ఒకే మూటలో కట్టేస్తుంది, వేరుగా ఉన్నది మాత్రమే గుర్తుండిపోతుంది. మనస్తత్వవేత్త హెడ్విగ్ వాన్ రెస్టార్ఫ్ 1933లో జ్ఞాపకం మీద చేసిన ప్రయోగాల్లో చూపించింది ఇదే. భక్తికి ఇది అడ్డు కాదు. స్వామి పటం దుకాణం గోడ మీద ఎలాగూ ఉంటుంది. మామిడికాయకూ ఇదే ఇబ్బంది: ప్రతి పచ్చడి సీసా మీదా అదే, పైగా మీరు గోంగూర కూడా అమ్ముతున్నారు.

మాకు తోచింది వాసెన కట్టిన జాడీ. వట్టి జాడీని చాలామంది వాడారు. మూతి మీద గుడ్డ, పక్కకు పొడుచుకొచ్చిన ముడి కొసలు రెండూ ఉంటే ఆకారం నల్లగా నింపినా పోల్చుకోవచ్చు. పైభాగం ముదురు గోధుమ, కిందిభాగం తెలుపు అన్న జాడీ రంగుల విభజన ఉండనే ఉంది కాబట్టి రెండు రంగులతో పని అయిపోతుంది. తెల్ల కాగితం మీద కింది సగానికి గీత అక్కర్లేదా అంటే, కొంత అక్కర్లేదు. లోకమంతా తెలిసిన పాండా గుర్తు, వన్యప్రాణి సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌ది, తల పైనా వీపు మీదా గీత లేకుండానే నిలబడింది. తెగిన అంచును కన్ను తనే పూరిస్తుంది. కాకపోతే ఎక్కడ తెంపాలన్నది చూసుకోవాలి. ఆకారం సమాచారం ఎక్కువగా వంపు తిరిగే చోట్ల ఉంటుందని మనస్తత్వవేత్త ఫ్రెడ్ అట్నీవ్ 1954లో చూపించాడు. జాడీ భుజం దగ్గర, అడుగు మలుపు దగ్గర గీత ఉంచి, మధ్యలో తిన్నగా దిగే పక్క గీతను చెరిపేయండి, జాడీ నిలుస్తుంది. మలుపులు చెరిపి తిన్నటి గీతలు ఉంచారో, రెండు పుల్లలు మిగులుతాయి.

పేరును గుండ్రంగా తిప్పడం మానేయండి. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే ఈ పద్ధతి తెలుగుకు ఎందుకు బెడిసికొడుతుందంటే, మనకు కింద ఒత్తులున్నాయి, పైన గుళ్లున్నాయి. వలయం పైభాగంలో రాసినప్పుడు ఒత్తులన్నీ కేంద్రం వైపు జరిగి ఇరుక్కుంటాయి, గుళ్లు దూరం దూరంగా విచ్చుకుంటాయి. అక్షరం ఎత్తు వలయం వ్యాసార్ధంలో మూడో వంతు ఉంటే, అక్షరాల నెత్తి దగ్గర చోటు 33 శాతం సాగుతుంది, ఒత్తుల దగ్గర 13 శాతం దాకా కుంచించుకుపోతుంది. తప్పదంటే ఎత్తును ఆరో వంతుకు దించండి. అప్పుడు ఆ తేడా సగమవుతుంది, కానీ అక్షరాలు చిన్నవైపోయి మొదటి చిక్కే మళ్లీ వస్తుంది. జాడీ కింద తిన్నగా ఒక వరస రాసుకోవడమే మేలు.

ఆ వరసలో ఎడాలు ఇలా పెట్టండి. ‘పచ్చళ్లు’ అనే మాటలో చ-ఒత్తు, ల-ఒత్తు కింద వేలాడుతున్నాయి. దాని కింది వరసలో ‘ఇంటి రుచి’ అని రాస్తే ఆ గుడి పైకి లేస్తుంది. రెండూ దగ్గరైతే ఒత్తు పై మాటను వదిలి కింది మాట జట్టులో చేరిపోతుంది. అక్షరానికీ దాని ఒత్తుకూ మధ్య ఎంత ఎడం ఉందో కొలిచి, ఆ ఒత్తుకూ కింది వరస గుడికీ మధ్య కనీసం దానికి రెట్టింపు వదలండి. జాడీకీ పేరుకూ మధ్య ఎడం, లోగోకూ లేబుల్‌లోని మిగతా రాతకూ మధ్య ఎడంలో సగం మించకూడదు. డీటీపీ ఆయనకు ఇంకో మాట చెప్పండి: అను ఫాంట్లలో ఒత్తు వేరే ముక్క. అక్షరాల మధ్య ఎడం పెంచితే ఒత్తు జారి పక్క అక్షరం కిందికి పోతుంది. ముందు కోరెల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో కంట్రోల్-క్యూ కొట్టి కర్వ్‌లుగా, అంటే గీతల బొమ్మగా మార్చి, అక్షరాన్నీ దాని ఒత్తునూ గ్రూపు చేసి, ఆ తర్వాత జరపాలి.

మూడు రూపాలు చేయించుకోండి. డీపీకి జాడీ ఒక్కటే, పేరు లేకుండా. పేరు ఎలాగూ పక్కన ఉంటుంది. లేబుల్‌కు జాడీ, కింద పేరు. బోర్డుకు ఎడమవైపు జాడీ, కుడివైపు పేరు. ఫోన్ నంబరు ఏ రూపంలోనూ లోగోలో భాగం కాదు. లేబుల్ దగ్గర ఒక కొలత మరవద్దు. సీసా అడ్డుకొలత 8 సెం.మీ. అయితే చుట్టుకొలత 25 సెం.మీ. ఎదురుగా నిలబడినవారికి చదవడానికి వీలుగా ఉండేది అందులో మూడో వంతే, ఆ పక్కల అక్షరాలు నొక్కుకుపోయి కనిపిస్తాయి. లోగో 6 సెం.మీ. లోపు ఉంటే క్షేమం. ఇంకొకటి, ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క లాంటి అలంకారమేదీ పెట్టకండి. అది శాకాహారానికి ప్రభుత్వం పెట్టిన గుర్తు. లైసెన్సు నంబరు 14 అంకెలతో పాటు అది విడిగా ఎలాగూ ఉండాలి.

చివరగా పరీక్ష. 8 మి.మీ. వెడల్పున అచ్చు తీసి చేతిలో పట్టుకుని చూడండి. నలుపు తెలుపులో జిరాక్స్ తీయండి, ఆ జిరాక్స్‌ను మళ్లీ జిరాక్స్ తీయండి. మూడో తరం కాపీలోనూ ముడి కొసలు విడిగా ఉంటే చాలు. లోగో ఎప్పుడూ చూడనివారికి రెండు క్షణాలు చూపించి తీసేసి, చూసింది గీయమనండి. ‘బాగుందా’ అని మాత్రం అడగవద్దు, బాగుందనే అంటారు.

ప్రశ్న: పలమనేరు రోడ్డులో టిఫిన్ సెంటర్ పెట్టినాము. పదడుగుల బోర్డు, ఆకుపచ్చ మీద ఎర్ర అక్షరాలు. దగ్గరికొస్తే దివ్యంగా ఉండాది. బస్సుల్లో, కార్లలో పొయ్యేవాళ్లు మాత్రం దాటిపోయినాక చూస్తా ఉండారు. లైట్లు ఎక్కువ పెట్టమంటారా?
– ఓ పాఠకుడు, చిత్తూరు

జవాబు: లైట్లు పెంచితే ఇంకా చెడుతుంది. ముందు రంగు మార్చాలి.

అంచులు, అక్షరాల రూపాలు పట్టుకునేటప్పుడు కన్ను ఎక్కువగా ఆధారపడేది రంగుల తేడా మీద కాదు, వెలుతురు తేడా మీద. ఎరుపూ ఆకుపచ్చా రంగుల్లో ఎదురుబొదురైనా వెలుతురులో పక్కపక్కన కూర్చుంటాయి. వెబ్ పేజీల కోసం వాడే కాంట్రాస్ట్ (వెలుతురు తేడా) లెక్కలో చూస్తే, తెర మీది నిండు ఎరుపుకూ మామూలు ఆకుపచ్చకూ నిష్పత్తి 1.28. రాతకు కనీసం 4.5 ఉండాలంటారు. అందుకే మీ బోర్డు అంచులు వణుకుతున్నట్టు కనిపిస్తాయి. ఎరుపు-ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లు మగవాళ్లలో చెప్పుకోదగ్గంత మంది ఉంటారు, వాళ్లకు అక్కడ రాతే ఉండదు. బోర్డును ఫోన్‌లో ఫొటో తీసి నలుపు తెలుపుకు మార్చి చూడండి, అక్షరాలు మాయమైతే అదే జబ్బు.

పసుపూ కుంకుమా మన కంటికి అలవాటైన జంట, దాన్నే వాడుకోవచ్చు. అయితే కుంకుమ ముదురుగా ఉండాలి. నిండు ఎరుపు మీద పసుపు పచ్చ పెడితే నిష్పత్తి 3.7 మాత్రమే. కంప్యూటర్ రంగుల కొలతలో ఎరుపు అంకెను 255 నుంచి 153కు దించితే, అంటే నల్లకుంకుమ వైపు తీసుకుపోతే, 8.3 అవుతుంది. తెల్ల నేల మీద పసుపు అక్షరాలు మాత్రం ఎప్పుడూ వద్దు, అక్కడ నిష్పత్తి దాదాపు 1. ముదురు బోర్డు మీద ఎర్ర అక్షరాలు పొద్దుగూకే వేళ ఇంకా చెడతాయి. వెలుతురు తగ్గేకొద్దీ మన కంటికి ఎరుపు ముందుగా నల్లబడుతుంది, టిఫిన్‌కు జనం వచ్చేదీ ఆ వేళకే.

ఇక సైజు. మీటరుకు మిల్లీమీటరు లెక్కే ఇక్కడా. కానీ తెలుగులో కొలవాల్సింది అక్షరం ఎత్తు కాదు, అక్షరంలోని అతి చిన్న సందు. ‘ప’ తలకట్టు ఒంటికి తగలకుండా విడిగా ఉంటుంది, ‘వ’ తలకట్టు అంటుకుని ఉంటుంది. ఆ సందు పూడిందంటే ‘ప’ కాస్తా ‘వ’ అయిపోతుంది. ‘కి’కీ ‘కీ’కీ తేడా కూడా పైన చిన్న మెలికే. మామూలు లావున్న ఫాంటులో ఈ సందు అక్షరం ఎత్తులో ఎనిమిదో వంతు ఉంటుందనుకోండి. 30 మీటర్ల నుంచి చదవాలంటే సందు 3 సెం.మీ., అక్షరం 24 సెం.మీ. బోర్డులు రాసేవాళ్లు చెప్పే ‘పదడుగులకు అంగుళం’ లెక్కా ఇంతే వస్తుంది. ఫాంటు లావు చేస్తే దూరానికి ఆనుతుందని చాలామంది అనుకుంటారు. కొంతవరకే. లావు పెరిగిన ప్రతిసారీ ఈ సందే తగ్గుతుంది.

గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. చూసి, తేల్చుకుని, బండి పక్కకు తీయాలంటే ఐదారు సెకన్లు కావాలి. అంటే 60 మీటర్ల దూరం నుంచే కనబడాలి, అక్షరం 48 సెం.మీ. కావాలి. పదడుగుల బోర్డు మీద అంత పెద్ద అక్షరాలతో మీ పేరంతా పట్టదు. కాబట్టి ‘దోసె’ అన్న రెండక్షరాలు 48 సెం.మీ., పేరు 24 సెం.మీ., మిగతా పదార్థాల జాబితా లోపల గోడ మీదికి. పేరు చిన్నదైపోయిందని బాధపడొద్దు. ఆకలితో పోయేవాడు ముందు వెతికేది పేరును కాదు.

దీనికంటే ముఖ్యమైనది, మీరు రాయకపోయినా మాకు అర్థమవుతున్నది ఒకటుంది. మీ బోర్డు రోడ్డుకు సమాంతరంగా ఉంది. దూరం నుంచి వచ్చేవారికి అది వాలుగా కనిపిస్తుంది. చూపు బోర్డుతో 30 డిగ్రీల కోణంలో ఉంటే వెడల్పు సగానికి పడిపోతుంది, 15 డిగ్రీలైతే పావుకు. సందులన్నీ నిలువునా మూసుకుపోతాయి. పెద్ద బోర్డు అలాగే ఉంచి, గోడ నుంచి రోడ్డు వైపు పొడుచుకొచ్చేలా, వచ్చే బండికి ఎదురుగా ఉండే మూడడుగుల బోర్డు ఒకటి తగిలించండి. రెండు వైపులా అదే రాత. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. మున్సిపాలిటీ అనుమతి సంగతి ముందే కనుక్కోండి.

లైట్ల మాట. వెనక నుంచి వెలిగే అక్షరాలు రాత్రిపూట ఉన్నదానికన్నా లావుగా కనిపిస్తాయి. చీకటి మీది వెలుతురు చుట్టుపక్కలకు పొంగుతుంది కాబట్టి సందులు పూడుకుపోతాయి. వెలిగే బోర్డుకు అదే ఫాంటులో ఒక మెట్టు సన్న రకం వాడి, అక్షరాల మధ్య ఎడం కాస్త పెంచాలి. లైట్లు రెట్టింపు చేస్తే పొంగు ఎక్కువవుతుంది తప్ప రాత తేట పడదు.

ప్రశ్న: కలంకారీ గుడ్డతో సంచులు కుట్టి అమ్ముతాం. పక్కపక్కన రెండు కలాలు నిలబెట్టి వాటి మధ్య ఖాళీలో నెమలి కనిపించేలా లోగో గీయించాం. చెబితే తప్ప ఎవరికీ నెమలి కనబడటం లేదు. నలుపు గీతలు సన్నగా ఉన్నాయంటున్నారు. లావు చేస్తే సరిపోతుందా?
– శ్రీకాళహస్తి

జవాబు: సరిపోదు. పైగా నెమలి పూర్తిగా పోతుంది. అంచు గీత ఎవరి పక్షాన ఉంటే వారిదే ఆకారం, మిగతాది నేల. మీరు కలాలకు గీత గీశారు, కాబట్టి కన్ను కలాలను వస్తువులుగా, మధ్య ఖాళీని వెనకున్న గోడగా తీసుకుంటుంది. డెన్మార్క్‌కు చెందిన మనస్తత్వవేత్త ఎడ్గార్ రూబిన్ 1915లో ఈ సంగతిని లోతుగా పరిశీలించాడు. కలశమూ ఎదురెదురు ముఖాలూ ఉన్న ప్రసిద్ధమైన బొమ్మకు ఆయన పేరే నిలిచింది.

ఖాళీ ఆకారంగా కనబడాలంటే అన్ని వైపులా మూసి ఉండాలి, చుట్టూ ఉన్నదానికన్నా చిన్నదిగా ఉండాలి, దాని అంచులు బయటికి ఉబ్బి ఉండాలి. మీ లోగోలో చిక్కు మూడో దగ్గర ఉంది. శ్రీకాళహస్తి కలం అంటేనే వెదురుపుల్లకు గుడ్డా దారమూ చుట్టి ఉబ్బెత్తుగా చేసినది. ఆ ఉబ్బు కలం వైపు ఉంది కాబట్టి మధ్య ఖాళీ అంచులు లోపలికి నొక్కుకుపోతాయి. నొక్కుకుపోయిన ఖాళీని కన్ను నేలగానే చూస్తుంది, మీరు ఎన్నిసార్లు చెప్పినా సరే. కలాల జంటతో నెమలి రాదు.

ఒక్క కలం చాలు. దాని ఉబ్బెత్తు భాగాన్ని నల్లగా నింపి, అందులో నెమలి తల, మెడ, కన్ను తెల్లగా కోయండి. మూసి ఉంటుంది, చిన్నగా ఉంటుంది, మెడ వంపు బయటికి ఉబ్బుతుంది. లోపల పెట్టే ఆ ఒక్క కంటి చుక్క కూడా బలమే, చుక్క ఉన్న వైపును కన్ను వెంటనే వస్తువుగా తీసుకుంటుంది. చుట్టూ అంచు గీతలు ఏవీ వద్దు, నిండు నలుపు, నిండు తెలుపు.

దాచిన బొమ్మల మీద మోజు పెరగడానికి ఆ కొరియర్ కంపెనీ లోగో, 1994లో వచ్చిన ఫెడెక్స్‌ది, ఒక కారణం. అందులో ‘ఈ’, ‘ఎక్స్’ అక్షరాల మధ్య బాణం ఉంటుంది. దాన్ని ఏళ్ల తరబడి చూడనివాళ్లూ ఉన్నారు, అయినా లోగో పనిచేస్తూనే ఉంది, ఎందుకంటే పేరు పెద్దగా, తేటగా ఉంది. మీ నెమలి కనబడకపోయినా కలం కనబడేలా ఉంటేనే దాన్ని దాచండి.

నూలు సంచి మీద స్క్రీన్ ప్రింటింగ్ చేయిస్తారు కాబట్టి అచ్చు సంగతి కూడా: ముతక గుడ్డ మీద 0.7 మి.మీ. కంటే సన్నని గీతను నమ్మలేం, నలుపులో కోసిన తెలుపు సందు 1 మి.మీ. పైన ఉండాలి, సిరా పక్కలకు పాకి తెలుపును తినేస్తుంది. నెమలి ముక్కు కొసను మొండిగా ఉంచండి.

ప్రశ్న: వృత్తం మధ్యలో త్రిభుజం పెట్టి కోరెల్‌డ్రాలో సెంటర్ అలైన్ కొట్టాను. కొలతల ప్రకారం సరిగ్గా మధ్యలోనే ఉంది. కస్టమర్ కిందికి జారిందంటున్నాడు. ఎవరిది తప్పు?
– ఓ డీటీపీ ఆపరేటర్, పుత్తూరు

జవాబు: కస్టమరే కరెక్టు. సాఫ్ట్‌వేర్ త్రిభుజం చుట్టూ ఉండే పెట్టెను మధ్యలో పెట్టింది. కన్ను బరువును చూస్తుంది. త్రిభుజం బరువు కేంద్రం అడుగు నుంచి మూడో వంతు ఎత్తులో ఉంటుంది, పెట్టె కేంద్రం సగం ఎత్తులో. తేడా ఎత్తులో ఆరో వంతు. 30 మి.మీ. ఎత్తు త్రిభుజాన్ని 5 మి.మీ. వరకు పైకి జరపండి, మొన వృత్తానికి మరీ దగ్గరైతే 3, 4 మి.మీ. దగ్గర ఆపండి. వృత్తాన్నీ చతురస్రాన్నీ పక్కపక్కన ఒకే ఎత్తులో పెట్టినప్పుడు వృత్తం చిన్నదిగా కనిపించడం కూడా ఇలాంటిదే, దాన్ని 2, 3 శాతం పెంచాలి. మన గుండ్రటి అక్షరాల పక్కన ఇంగ్లీషు అక్షరాలు పెట్టినప్పుడు పాయింట్ సైజు ఒకటే ఇచ్చి వదిలేయకండి. ‘న’ ఒళ్లు, తలకట్టు మినహాయించి, ఇంగ్లీషు చిన్నక్షరం ఎత్తుకు సమంగా వచ్చేదాకా తెలుగును పెంచండి. కాగితం తలకిందులు చేసి చూస్తే ఏ వైపు వాలిందో తెలిసిపోతుంది, చదవడం ఆగిపోతుంది కాబట్టి.

ప్రశ్న: లోగో బంగారు నిష్పత్తిలో ఉంటేనే అందంగా ఉంటుందా?
– రేణిగుంట

జవాబు: అక్కర్లేదు. 1.618 కోసం వృత్తాల మీద వృత్తాలు గీసి చూపించే వీడియోలు చాలావరకు లోగో పూర్తయ్యాక అతికించినవే. ఆ సమయాన్ని సందులు కొలవడానికి వాడండి.

ప్రశ్న: ఫోన్‌లో ఏఐ యాప్‌తో ఉచితంగా లోగో చేసుకున్నాను. బెల్లం, చింతపండు, పొడుల వ్యాపారానికి వాడుకోవచ్చా? ట్రేడ్‌మార్క్ వస్తుందా?
– చిత్తూరు నుంచి మరో పాఠకుడు

జవాబు: ఆలోచన కోసం వాడుకోండి, అచ్చుకు ఇవ్వకండి. ఆ బొమ్మల్లో తెలుగు అక్షరాలను అక్షరం అక్షరం సరిచూడండి. ఒత్తు లేని చోట ఒత్తు, గుడి ఉండాల్సిన చోట సున్నా లాంటివి దొర్లుతుంటాయి. అది చుక్కలతో చేసిన బొమ్మ కాబట్టి బోర్డు సైజుకు పెంచితే అంచులు మెట్లు మెట్లుగా వస్తాయి. డీటీపీ సెంటర్‌లో కర్వ్‌లతో తిరగ్గీయించి, ఎస్వీజీ, పీడీఎఫ్ ఫైళ్లు రెండూ తీసుకోండి. అక్షరాలకు రామభద్ర, మండలి, ధూర్జటి లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి, వ్యాపారానికి వాడుకునే అనుమతి కూడా ఉంది. యాప్ బొమ్మ తీసుకుంటే దాని షరతులు చదవండి, మీలాంటి గుర్తే ఇంకొకరికీ ఇచ్చి ఉండొచ్చు.

ట్రేడ్‌మార్క్‌కు టీఎం-ఏ ఫారం ఆన్‌లైన్‌లో వేయాలి. వ్యక్తికీ, చిన్న పరిశ్రమకూ ఫీజు ఒక్కో తరగతికి 4,500 రూపాయలు. బెల్లం, పొడులు, మసాలాలు 30వ తరగతిలోకి వస్తాయి. పచ్చళ్లు కూడా మొదలుపెడతారేమో, వాటికి 29. మన ప్రాంతం చెన్నై కార్యాలయం కిందికి వస్తుంది. వేసేముందు వెబ్‌సైట్‌లో అదే తరగతిలో పోలికలున్న గుర్తులు వెతకండి. దేవుడి బొమ్మలు, నామాలు పెడితే మత మనోభావాల అభ్యంతరం రావచ్చు. మిఠాయిలూ అమ్మే ఉద్దేశం ఉంటే ‘తిరుపతి లడ్డు’ అన్న మాట జోలికి పోవద్దు, దానికి 2009లోనే టీటీడీ పేరున భౌగోళిక గుర్తింపు వచ్చింది. దరఖాస్తు వేయకముందు కూడా టీఎం అని పెట్టుకోవచ్చు. వలయంలో ఆర్ గుర్తు మాత్రం రిజిస్ట్రేషన్ చేతికొచ్చాకే, ముందే వేస్తే ట్రేడ్‌మార్క్ చట్టంలోని 107వ సెక్షన్ కింద జరిమానా పడొచ్చు. రంగులు ఇంకా తేలకపోతే నలుపు తెలుపు బొమ్మే వేయండి. రంగు పరిమితి పెట్టకుండా నమోదైన గుర్తు అన్ని రంగులకూ వర్తిస్తుంది, రేపు బోర్డు రంగు మార్చినా మళ్లీ దరఖాస్తు పెట్టక్కర్లేదు.